లేత ఫైకస్‌ను ముందు ఎదగనివ్వాలి

సంపాదకులకు నమస్కారములు.

ఈ మధ్య మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ఇంటి తోటల వ్యాసంలో, చెట్టును కుండీలో చిన్నదిగా మలిచే బోన్సాయ్ కళను కొత్తగా నేర్చుకునేవారు చిన్న ఫైకస్ మొక్కను తెచ్చుకుని, లోతు తక్కువ పళ్లెం కుండీలో నాటి, చిగురు కనిపించినప్పుడల్లా కొన తుంచుతూ పోతే చాలని రాశారు. ఫైకస్‌ను ఎంచుకోమనడం మంచి సలహా. మర్రి, రావి, మేడి ఉన్న ప్రజాతికే చెందిన ఈ మొక్క మన ఎండనూ కోస్తా తేమనూ తట్టుకుంటుంది, కోసిన చోట మళ్లీ చిగురిస్తుంది, కొత్తవారి పొరపాట్లను చాలావరకు భరిస్తుంది. మిగిలిన సలహాలో మాత్రం క్రమం తారుమారైంది. చివర చేయవలసిన పని మొదట చెప్పారు.

ఆ పద్ధతినే నమ్మి నేను మూడేళ్లు పోగొట్టుకున్నాను. మాది కాకినాడ. కడియపులంక నర్సరీల వైపు వెళ్లినప్పుడు పెన్సిలంత మాను ఉన్న ఫైకస్ మైక్రోకార్పా అనే రకం మొక్కను తెచ్చి, వెంటనే పళ్లెం కుండీలోకి మార్చి, వారం వారం కత్తెర పట్టుకుని కూర్చునేదాన్ని. మూడేళ్లు గడిచినా మాను పెన్సిలంతే ఉంది. మొక్క పచ్చగానే ఉండేది కానీ, చెట్టు పోలిక మాత్రం రాలేదు. మాను లావెక్కడానికి కావలసిన ఆహారం ఆకుల్లో తయారై కిందికి దిగుతుంది. కొమ్మలు స్వేచ్ఛగా సాగి ఆకులు ఎంత విస్తారంగా ఉంటే మొదలు అంత త్వరగా బలుస్తుంది. కింద వేళ్లకు చోటివ్వకుండా, పైన ఆకులను నిలవనివ్వకుండా ఉంటే మాను దేనితో లావెక్కుతుంది?

అందువల్ల లేత ఫైకస్‌కు తొలి రెండు మూడేళ్లు కావలసింది పెద్ద కుండీ, నీరు నిలవని మట్టి, మంచి ఎండ. పది, పన్నెండు అంగుళాల కుండీలో, జల్లించిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కొద్దిగా వర్మీకంపోస్టు కలిపి నాటితే వేళ్లు ఆరోగ్యంగా పరుచుకుంటాయి. ఒట్టి ఎర్రమట్టి నాలుగు నెలల్లో గట్టిపడి, పై పొర తడిసినా లోపల వేళ్లకు నీరందనివ్వదు. రోజుకింత నీరు అనే లెక్క కూడా సరికాదు. వేలితో తాకి, పై పొర ఆరినప్పుడు కుండీ అడుగు నుంచి కారేదాకా పోయాలి. రోహిణి కార్తె ఎండల్లో అది రెండు పూటలు కావచ్చు, ముసురు పట్టినప్పుడు మూడు రోజులకొకసారి కావచ్చు. ఇంటి లోపల టీవీ బల్ల మీద పెడితే మొక్క బతికినా, రెమ్మలు వెలుగు కోసం పీలగా సాగిపోతాయి.

ఇలా ఎదిగే కాలంలో కత్తెరకు పని లేదని కాదు, తక్కువ పని ఉంది. మాను కింది భాగంలో ఒక కొమ్మను ఏమాత్రం కత్తిరించకుండా మూడు, నాలుగు అడుగులు సాగనివ్వాలి. ఆ కొమ్మ చివరికి చెట్టు రూపంలో ఉండదు. దాని కింది భాగంలో మాను లావెక్కగానే మొదలంటా కోసేస్తాం. ఫైకస్ గాయాన్ని త్వరగా పూడ్చుకుంటుంది కాబట్టి ఈ పద్ధతి దీనికి బాగా సరిపోతుంది. ఇంటికి వచ్చినవారు ఆ పొడవాటి కొమ్మను చూసి, ఇదేం బోన్సాయ్ అని అడుగుతారు. వారి కోసం దాన్ని కోయవద్దని కొత్తవారిని ప్రత్యేకంగా కోరుతున్నాను.

మాను తగినంత లావెక్కిన తర్వాతే కొమ్మలను తీర్చిదిద్దడం మొదలవుతుంది. కొన మొగ్గ ఉన్నంతకాలం పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొన తీసేస్తే అవి మేల్కొంటాయి. రెమ్మకు ఆరు నుంచి ఎనిమిది ఆకులు వచ్చేదాకా ఆగి, రెండు లేదా మూడు ఆకులు మిగిల్చి కోస్తే, అక్కడి నుంచి కొత్త రెమ్మలు వచ్చి గుబురు ఏర్పడుతుంది. ఏ ఆకు పైన కోస్తామో ఆ ఆకు చూస్తున్న దిక్కుకే కొత్త రెమ్మ సాగుతుంది కాబట్టి, బయటి వైపు చూస్తున్న ఆకును ఎంచుకుని దాని పైన కోయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నష్టం జరుగుతుంది. మైక్రోకార్పా ముదురు కొమ్మ మీద ఆకు ఒక్కటీ లేకపోయినా చిగురిస్తుంది. కానీ ఫైకస్ పేరుతోనే అమ్మే బెంజమీనా అనే మరో రకం కొమ్మకు ఒకటి రెండు ఆకులైనా మిగల్చకుండా కోస్తే ఆ కొమ్మ ఎండిపోవచ్చు. కొన్నది ఏ రకమో తెలియకుండా కత్తెర పట్టకూడదనడానికి ఇదే కారణం.

కోత పెట్టగానే పాలు కారతాయి. కొందరికి అవి చర్మం మీద పడితే దురద పుడుతుంది, కంట్లో పడితే ప్రమాదం. తడిగుడ్డతో అద్ది, కత్తెరను తుడిచి పెట్టుకోవాలి. భారీ కోతలూ కుండీ మార్పిడీ మృగశిర ప్రవేశించి తొలకరి పడ్డాక చేస్తే మొక్క త్వరగా కోలుకుంటుందని నా అనుభవం. చలికాలంలో ఆ రెండూ వద్దు.

కొమ్మను వంచి ఆకారం తేవడానికి లోహపు తీగ చుట్టడం గురించి వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. కొమ్మ మందంలో మూడో వంతు మందం ఉన్న అల్యూమినియం తీగను సుమారు 45 డిగ్రీల వాలుగా చుట్టి, రెండు చేతులతో నెమ్మదిగా వంచాలి. వర్షాకాలంలో ఫైకస్ ఎంత వేగంగా పెరుగుతుందంటే, కొన్ని వారాలకే తీగ బెరడులోకి దిగబడుతుంది. ఒకసారి ఊరికి వెళ్లి నెలన్నర తర్వాత వచ్చి చూస్తే నా మొక్క కొమ్మ మీద మెలికల మచ్చలు పడ్డాయి. అవి ఏళ్ల తరబడి కనిపించాయి. వారానికొకసారి చూడాలి, తీసేటప్పుడు వెనక్కి విప్పకుండా కటింగ్ ప్లయర్‌తో ముక్కలుగా తుంచాలి.

బోన్సాయ్ జపాన్ పేరుతో ప్రపంచానికి తెలిసింది కాబట్టి, కొత్తవారు ఫైకస్‌ను కూడా దేవదారు ఆకారంలోకి మలచాలని తాపత్రయపడతారు. మనకు అంతదూరం చూపు సారించే అవసరం లేదు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మన కళ్లెదుట ఉన్నాయి. అడ్డంగా పరుచుకున్న కొమ్మలు, గొడుగులాంటి పైభాగం, నేలకు దిగిన ఊడలు ఈ జాతికి సహజమైన రూపం. గాలిలో తేమ ఉంటే కుండీలోనూ ఊడలు వస్తాయి. సన్నటి ఊడను చీల్చిన ప్లాస్టిక్ గొట్టంలో ఉంచి, తడి నాచు నింపి మట్టిదాకా దింపితే అది నాటుకుని బలుస్తుంది. నా మొక్కకు రెండో ఊడ నేల తాకిన రోజున కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అమ్మకందారులకు కూడా ఒక విన్నపం. ఉబ్బిన వేళ్లతో జిన్సెంగ్ ఫైకస్ పేరిట అమ్మే మొక్కల్లో చాలావాటికి లావు వేళ్ల మైక్రోకార్పా మీద చిన్న ఆకుల రకాన్ని అంటు కట్టి ఉంటారు. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లు వేరే రకానివి. వాటిని తీయకపోతే క్రమంగా అవే బలపడి పైభాగాన్ని నీరసింపజేస్తాయి. ఈ సంగతి కొన్నవారికి చెప్పేవారు అరుదు. నాకు ఒక దుకాణంలో ఇంట్లో ఏ మూల పెట్టినా పెరుగుతుందని చెప్పి అలాంటి మొక్కను అంటగట్టారు. అది ఎనిమిది నెలలు కూడా నిలవలేదు. మొక్క రకం, అంటు కట్టిందో కాదో, ఎంత ఎండ కావాలో, చివరిసారి కుండీ ఎప్పుడు మార్చారో రాసిన చిన్న తెలుగు చీటీని ప్రతి కుండీకీ కట్టి ఇస్తే వ్యాపారానికి ఏ నష్టమూ రాదు. మీ అనుబంధం సైతం తర్వాతి సంచికల్లో ఒకసారి ఈ క్రమాన్ని, అంటే ఏ ఏట ఏ పని చేయాలో, కార్తెల వారీగా ప్రచురించగలిగితే, ఈ తొలకరికి కొత్త ఫైకస్ మొక్క కొనుక్కోబోయేవారికి అది చేతికందినట్లవుతుంది. అవసరమైతే నా మొక్కల పదకొండేళ్ల ఫొటోలను వరుసగా పంపగలను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాకినాడ