టోన్ కోసం పాత యాంప్ విప్పే ముందు

సంపాదకుల గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత రేడియోలు, రికార్డ్ ప్లేయర్లు బాగు చేయించుకుని వాడుతున్న కుర్రాళ్ల గురించి రాశారు. బాగుంది, ఇంట్లో అందరం చదివాం. కానీ అందులో గిటార్ యాంప్‌ల (గిటార్ సిగ్నల్‌ను పెంచి స్పీకర్‌లో వినిపించే పెట్టెల) గురించి ఒక వాక్యం ఉంది, పాత వాల్వు (ట్రాన్సిస్టర్ల కంటే ముందు వాడిన గాజు గొట్టం) యాంప్‌లో లోపలి సామాన్లు పీకేసి ఖరీదైన కొత్తవి వేయిస్తే టోన్ పెరుగుతుందని. అది చదివాక ఊరుకోలేకపోయాను. సరిగ్గా ఆ మాట నమ్మే మూడేళ్ల కిందట ఒక మంచి యాంప్‌ను చేతులారా పాడు చేయించాను.

మా మేనమామ అమెరికా నుంచి వచ్చేసేటప్పుడు తెచ్చుకున్న ఫెండర్ చాంప్ అది. 1960ల నాటిది, నల్ల ప్యానెల్, ఎనిమిది అంగుళాల స్పీకర్ ఒక్కటే, ఒంటి చేత్తో ఎత్తుకుపోవచ్చు. లోపల మూడే వాల్వులు: గిటార్ సిగ్నల్ పెంచడానికి 12ఏఎక్స్7, స్పీకర్‌ను నడపడానికి 6వి6, ఏసీని డీసీ చేయడానికి 5వై3. ఇచ్చేది ఐదు వాట్లు, అటూ ఇటూగా. ఐదు వాట్లేనా అనుకోకండి, వాల్యూమ్ ఏడు దాటిస్తే మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్ వాళ్లు పైకి వస్తారు. మామయ్య పోయాక అత్తయ్య దాన్ని నాకిచ్చింది, "వాయించేవాడివి నువ్వొక్కడివే కదరా, తీసుకెళ్లు" అని.

ఏళ్ల తరబడి అటక మీద ఉండిపోయింది కాబట్టి ఆన్ చేస్తే గుర్రుమనే మోత, కింది తీగలు మీటితే బురదలో కాలేసినట్టు అడుగున ఏదో కదిలేది తప్ప స్వరం తేలేది కాదు. ఇక్కడే బెంగళూరులో ఒక షాపుకి తీసుకెళ్లాను, పేరు అనవసరం. "టోన్ మాడ్ చేద్దాం సార్" అన్నారు, అంటే టోన్ కోసం సర్క్యూట్‌లో మార్పులు. వాల్వుల మధ్య సిగ్నల్‌ను దాటించే కండెన్సర్లన్నీ తీసేసి విదేశీవి వేశారు, మిడ్ కంట్రోల్ కావాలని ముందు ప్యానెల్‌కి రంధ్రం పెట్టారు, ఇంకో స్విచ్ కోసం వెనక ఇంకో రంధ్రం. పద్దెనిమిది వేలు తీసుకున్నారు. తీసిన పాత సామాన్లు ఏవని అడిగితే చెత్తలో వేసేశామన్నారు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే మోత ఎక్కడిదక్కడే ఉంది, పైగా ట్రెబుల్ చెవిలో సూదిలా గుచ్చుకుంటోంది.

ఆ తర్వాత యశ్వంతపురలో ఒక పెద్దాయన దొరికారు. హిందూపురం వైపు మనిషి, జీవితమంతా వాల్వు రేడియోలు బాగు చేసినాయన. గిటార్ కేబుల్ పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "గిటార్ పక్కన పెట్టప్పా, ముందు ఊరికే ఆన్ చేయి, విననీ." వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ దగ్గర చెవి ఆనించి ఒక నిమిషం విన్నారు. "ఇది నూరు సైకిళ్ల మోత. ఫిల్టర్ కండెన్సర్లు పోయినాయి. యాభై అయ్యుంటే వేరే చోట వెతకాలి." నాకు ఒళ్లు జలదరించింది. ఆయన సైకిళ్లంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, ఇప్పటి మాటలో హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, ఈ యాంప్‌లో రెక్టిఫయర్, అంటే ఏసీని డీసీ చేసే ఆ 5వై3, రెండు అర్ధ తరంగాలనూ వాడుకుంటుంది, అందుకే డీసీలో మిగిలే అల 100 దగ్గర ఉంటుంది. ఫిల్టర్లు బాగుంటే ఆ అల అక్కడే ఆగిపోతుంది, ఎండిపోతే స్పీకర్ దాకా వస్తుంది. వైరింగ్ నుంచి, వాల్వు ఫిలమెంట్ నుంచి వచ్చే మోత సాధారణంగా 50. మీటర్ ముట్టుకోకుండా చెవితోనే రోగం తేల్చేశారాయన.

ఫిల్టర్లుగా వాడే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ లోపల తడి ఉంటుంది, ఇరవై ముప్పై ఏళ్లకి అది ఆరిపోతుంది, వాడకపోయినా సరే. మా దానిలోవి దాదాపు అరవై ఏళ్లవి. అవి ఆరిపోయాక కరెంటును నిలబెట్టలేవు, గట్టిగా మీటగానే వోల్టేజి ఊగుతుంది, బేస్ కూలిపోతుంది. నేను టోన్ లోపం అనుకున్నది సగానికి సగం ఇదే. పెద్దాయన ఆ ఫిల్టర్లు, వాల్వుల కాథోడ్ దగ్గరుండే 25 మైక్రోఫారడ్ కండెన్సర్లు మార్చారు, తర్వాత రెసిస్టర్లు ఒక్కొక్కటే కొలిచారు. లక్ష ఓమ్‌లు ఉండాల్సింది ఒకటి లక్షా ముప్పై వేలు చూపించింది. పాత కార్బన్ రెసిస్టర్లు అలా పెరుగుతూ పోతాయట. సామాన్లకి మొత్తం పదిహేను వందలు కాలేదు. ఆ రాత్రి మొదటిసారి మా మామయ్య విన్న యాంప్‌ను నేను విన్నాను: మీటగానే గంటలా మోగి, ఇంకొంచెం గట్టిగా మీటితే అంచున చిన్న గరుకు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను. ఆ కాలపు అమెరికా యాంప్‌లు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే, ఎర్త్ లేదు. పైగా మెయిన్స్ వైరు నుంచి బాడీకి ఒక చిన్న కండెన్సర్ ఉంటుంది, మోత తగ్గడానికి పెట్టింది. అది షార్ట్ అయితే ఫేజ్ నేరుగా బాడీకి, బాడీ నుంచి గిటార్ తీగలకి వచ్చేస్తుంది. నేను మా చర్చిలో తెలుగు ఆరాధనకి గిటార్ వాయిస్తాను. షాపు వాళ్లు అంత మాడ్ చేసి ఇచ్చిన యాంప్ పెట్టుకుని ఒక ఆదివారం మైకు దగ్గరికి నోరు తీసుకెళ్తే పెదవి చురుక్కుమంది. పక్కన కోరస్ పాడే పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. పద్దెనిమిది వేల పనిలో మూడు కోర్ల ఎర్త్ వైరు వేయడం, ఆ కండెన్సర్ తీసేయడం ఎవరికీ తట్టలేదు. టోన్ గురించి ఆలోచించే ముందు ఈ రెండూ చేయించండి. సొంతంగా విప్పాలనుకునేవాళ్లకి ఇంకో మాట: ప్లగ్గు తీసేసినా లోపల 300 వోల్టులకి పైన నిలిచి ఉండొచ్చు, రెసిస్టర్ ద్వారా దాన్ని దింపి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఇది తెలియనివాళ్లు విప్పనే వద్దు. స్పీకర్ తీసేసి ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అది కాలితే ఆ యాంప్ గొంతు పోయినట్టే.

స్టెప్‌డౌన్, అంటే మన కరెంటు వోల్టేజిని దించే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి కూడా. యాంప్ అమెరికా వోల్టేజికి కట్టింది. మా ఇంట్లో సాయంత్రాలు మీటర్ 240 చూపిస్తుంది. నా దగ్గరున్నది 230 నుంచి 110కి దించేది కాబట్టి 115 దాకా వస్తుంది, సరిపోతుంది. 120 ఇచ్చేది కొంటే అదే 125 అవుతుంది, పాత ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ వేడి అనవసరం, అసలే 60 హెర్ట్జ్ కోసం చేసింది 50 మీద నడుస్తోంది.

మార్పులే చేయకూడదని నేను అనడం లేదు. లండన్‌లో మార్షల్ వాళ్లు 1962లో కట్టిన తొలి యాంప్ ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను ఆధారం చేసుకున్నదే, తమకు దొరికే సామాన్లతో కట్టారు, అందులోంచి వేరే గొంతు పుట్టింది. కానీ వాళ్లు కొత్తది కట్టారు, అరుదైన పాతదాన్ని కోయలేదు. మనం చేసేది వెనక్కి తిప్పుకోగలిగేలా ఉండాలి. టంకం ముట్టకుండానే చేయగలిగేది ఉంది: 12ఏఎక్స్7 బదులు 5751 అనే వాల్వు పెట్టి చూడండి. మొదటిదాని ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) 100, దీనిది 70, గిటార్ వాల్యూమ్‌ను ఇంకా పైకి తిప్పాక గానీ గరుకు రాదు, శుభ్రంగా ఉండే చోటు పెరుగుతుంది. స్పీకర్ లీడ్‌ను తీసి అదే నాలుగు ఓమ్‌ల పెద్ద స్పీకర్ క్యాబినెట్‌కి పెట్టండి, ఏ ఖరీదైన కండెన్సరూ ఇవ్వనంత తేడా అక్కడే వినిపిస్తుంది. ఇంకా గరుకు కావాలంటే స్పీకర్ నుంచి వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఒక కొస విప్పితే చాలు, నచ్చకపోతే మళ్లీ టంకం పెట్టేయొచ్చు. తీసిన ప్రతి ముక్కనూ కవర్లో వేసి, ఎక్కడిదో రాసి, యాంప్ లోపలే ఉంచండి. మా దానికి ఆ ముక్కలు ఇక దొరకవు, ముందు ప్యానెల్ మీద ఆ రంధ్రం కూడా పూడదు.

ఇంకొకటి, ఇది మన ఊరి సంగతి. జాలహళ్లిలో 1954లో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) 1961 నుంచి రేడియో వాల్వులు తయారు చేసింది. పెద్దాయన చెక్కపెట్టె తెరిచి బీఈఎల్ ముద్ర ఉన్న ఈసీసీ83 ఒకటి ఇచ్చారు, అది 12ఏఎక్స్7కి ఇంకో పేరు. పెన్సిల్‌తో మెల్లగా తట్టి, స్పీకర్‌లో టంగుమనడం లేదని నిర్ధారించుకున్నాకే నా చేతిలో పెట్టారు. ఇప్పుడు యాంప్‌లో అదే ఉంది. ఎస్పీ రోడ్డులో, ఆ చుట్టుపక్కల గల్లీల్లో ఇలాంటి పని తెలిసినవాళ్లు ఇంకా కొందరున్నారు, అందరూ డెబ్బై దాటినవాళ్లే. మీ విలేకరులు ఈసారి కొనేవాళ్లనే కాకుండా ఈ బాగు చేసేవాళ్లనూ కలవాలి, వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికినా ఎంతో మేలు.

ఉత్తరం పెద్దదైంది, అంతా వేయడానికి చోటు లేకపోతే కోయండి, నాకేం అభ్యంతరం లేదు. ఎర్త్ వైరు గురించి, మెయిన్స్ దగ్గరి ఆ కండెన్సర్ గురించి రాసిన పేరా మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విద్యారణ్యపుర, బెంగళూరు