ఒరేయ్ ఖజానా, నేను కూడా ట్యాప్ చేసేశానురా

విశాఖపట్నం,
4-1-2026, ఆదివారం, పదిన్నర

ఒరేయ్ ఖజానా,

ముందు నాలుగు తిట్టేసుకో, తర్వాత చదువు. దసరాకి నువ్వు రాసిన ఉత్తరానికి సంక్రాంతి ముందు జవాబు రాస్తున్నాను. తప్పు నాదే. మీ బావ మధ్యాహ్నం రైలుకి బయల్దేరుతున్నాడు. అరిసెల డబ్బాతో పాటు ఈ కవరు కూడా పట్టుకెళ్ళమన్నాను. పన్నెండున్నరకి వస్తానన్నాడు, అంటే నాకు రెండు గంటలుంది. ఫోన్‌లో చెబుదామంటే నీ షిఫ్టులు, నా ఇంట్లో గోల. ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదురా ఇది.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలు పరవాలేదు. పాప పరీక్షలు అయిపోయాయి. మేడమీద గదికి సున్నం సగంలో ఆగింది. నువ్వడిగిన ఇంటి కాగితాలు పండగ వెళ్ళాక చూస్తాను, మర్చిపోలేదు. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మన డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ హీరో జాన్ సీనా ఆఖరి మ్యాచ్ చూశావా? వాషింగ్టన్‌లో డిసెంబరు 13 శనివారం రాత్రి, మనకి ఆదివారం పొద్దున్న. అక్క కొడుకు చిన్నోడు ముందురోజే మా ఇంటికొచ్చేశాడు. వాడికిప్పుడు పదకొండేళ్ళు. సీనా టోపీ పెట్టుకునే పడుకున్నాడు. పొద్దున్నే నేను టీ గ్లాసుతో, వాడు పాల గ్లాసుతో టీవీ ముందు. ఎదురుగా గుంథర్, ఆస్ట్రియా వాడు. జులైలో గోల్డ్‌బర్గ్ ఆఖరి మ్యాచ్‌ని ముగించింది కూడా వీడే, అదే స్లీపర్‌తో. సీనాకీ వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టేశాడు. ఆఖర్న సీనా ముఖంలో చిన్న నవ్వు కనిపించింది. తర్వాత చెయ్యి తట్టేశాడు, అదే, ఓటమి ఒప్పుకుని ట్యాప్ చేసేశాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ ట్యాప్ చెయ్యని మనిషి! తువ్వాలు మీద కూడా ‘నెవర్ గివప్’ అని రాసుకు తిరిగిన మనిషి!

చిన్నోడు టోపీ తీసి పక్కన పెట్టాడు. పాలు తాగలేదు. కాసేపటికి అన్నాడు, ‘మామయ్యా, ఇది అబద్ధం. స్లీపర్‌కి ఎవరైనా ఓడిపోతారా? అలిసిపోయినప్పుడు రెస్ట్ తీసుకోడానికి వేసేది కదా అది. పైగా నవ్వుతున్నాడు చూడు.’

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మనం కూడా అదేగా నమ్మింది! స్లీపర్ వేశారంటే చాలు, ‘ఒరే, నీళ్ళు తాగొద్దాం పదండి’ అనేవాడివి నువ్వు. రెఫరీ వచ్చి పడిపోయినవాడి చెయ్యి ఒకసారి ఎత్తి వదులుతాడు, కింద పడుతుంది. రెండోసారీ పడుతుంది. మూడోసారి మాత్రం గాల్లో ఆగిపోతుంది, జనం అరుస్తారు. ఆ మూడోసారికి మనం బిందె దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చేవాళ్ళం. ఎన్ని వందలసార్లు చూశామో. అలా లేచిపోయే పట్టుని ఇక ఎవడు నమ్ముతాడు?

చిన్నోడు అక్కడితో ఆగలేదు. వారం రోజులు నన్ను వదల్లేదు. రే మిస్టీరియో తాళ్ళ మధ్యనుంచి ఊగి తన్నే 619 అప్పుడు అవతలివాడు తనంతట తానే వెళ్ళి రెండో తాడు మీద ఎందుకు వాలతాడు? రాక్ అనే రెజ్లర్ మోచేతి తొడుగు ఊడదీసి జనంలోకి విసిరి, ఆ తాడుకీ ఈ తాడుకీ పరిగెత్తి వచ్చేదాకా కిందవాడు ఎందుకు లేవడు? మనం వేసుకున్న ప్రశ్నలే, ఒక్కటి కూడా మారలేదు. నాకు తోచిన జవాబు చెప్పాను. కొన్ని దెబ్బలు చూడ్డానికి నిజంలా ఉంటాయిరా, కొన్నిటిని జనం కలిసి నిజం చేస్తారు అని. ర్యాండీ ఆర్టన్ ఉన్నట్టుండి మెడ పట్టుకుని పడేసే ఆర్‌కేఓ మొదటి రకం. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు, తప్పించుకునే టైమే ఉండదు, కాబట్టి ఎందుకు తప్పుకోలేదన్న ప్రశ్నే రాదు. రాక్ మోచెయ్యి రెండో రకం. హాలంతా లేచి నిలబడి అరుస్తుంటే, లెక్క ప్రకారం అది మామూలు మోచేతి పోటేనని ఎవడికి గుర్తుంటుంది!

స్టోన్ కోల్డ్ ఆస్టిన్ వేసే స్టన్నర్ సంగతి కూడా చెప్పాను. డొక్కలో ఒక తన్ను, అవతలివాడు వంగుతాడు, వాడి గడ్డం భుజానికి ఆనించుకుని కింద కూర్చుండిపోతాడు. ఆస్టిన్ చేసింది అంతే. మిగతాదంతా దెబ్బ తిన్నవాడి చేతిలోనే ఉంది. రాక్ అది తిని, గట్టున పడ్డ చేపలా ఎగిరెగిరి పడేవాడు, గుర్తుందా? ఆ పడ్డాన్ని చూసే మనం స్టన్నర్‌ని నమ్మాం. మనం పోటీ ఆడుకున్న నీ రెజ్లర్ల కార్డుల డబ్బాలో ఎత్తు, బరువు, ఛాతీ అన్నీ ఉండేవి. ఎవడు ఎంత బాగా పడతాడో మాత్రం ఒక్క కార్డు మీదా రాయలేదు. అది రాసుంటే నా షాన్ మైకేల్స్ నీ యోకోజునాని ప్రతిసారీ గెలిచేవాడు.

ఫినిషర్, అంటే మ్యాచ్ ముగించే దెబ్బ, దాని విలువ పోవడానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి నాకు ఇప్పటికీ మంటే. జేక్ రాబర్ట్స్ రోజుల్లో తల చంకలో ఇరికించి నేలకేసి కొట్టే డీడీటీ పడిందంటే మ్యాచ్ అయిపోయినట్టే. ఇప్పుడు దాన్ని మ్యాచ్ మధ్యలో ఎవరు పడితే వాళ్ళు వేస్తున్నారు, తిన్నవాడు లేచి దుమ్ము దులుపుకుంటున్నాడు. 2012 రెసిల్‌మేనియాలో షాన్ తన్ను, వెంటనే ట్రిపుల్ హెచ్ పెడిగ్రీ, రెండూ కలిపి తిని కూడా, రెఫరీ మూడు లెక్కపెట్టేలోపే అండర్‌టేకర్ భుజం లేపాడు. ఆ రాత్రికి అది అద్భుతమే, నువ్వూ నేనూ ఫోన్‌లో అరుచుకున్నాం. కానీ మర్నాటినుంచి పెడిగ్రీ ఒక్కటే పడితే ఏం భయం మిగిలింది? ఇలా రెండున్నరకి లేవడం అలవాటైపోతే మూడు అన్న అంకెకి ఏం విలువుంటుంది? రెండున్నర అంటే గుర్తొచ్చింది, చిన్నప్పుడు మన కుస్తీ ఆటలో నువ్వు కింద ఉన్నప్పుడు రెఫరీనైన నేను మెల్లగా లెక్కపెట్టేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నీ ముఖం చూసి మూడు అనలేకపోయేవాణ్ణి.

సరే, చెప్పాలని తహతహలాడుతున్న సంగతి ఇది కాదు. పోయిన ఆదివారం జరిగింది.

చిన్నోణ్ణి దింపడానికి వెళ్తుంటే కంచరపాలెం దగ్గర బండి పంక్చర్ అయింది. అరగంట పడుతుందన్నాడు. పక్క సందులో పాతకాలం వ్యాయామశాల ఒకటి కనబడింది. రేకుల కప్పు, మధ్యలో ఎర్రమట్టి గోదా, గోడమీద ఆంజనేయస్వామి, ఆయన పక్కనే కోడి రామ్మూర్తి నాయుడుగారి ఫొటో. మన వీరఘట్టం మనిషి, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి, ఇంకెవరుంటారు! మూలన బలం కోసం ఎత్తే సంగిడి రాళ్ళు. బెంచీ మీద ఒక వస్తాదు తాత. డెబ్బై దాటి ఉంటాయి. ఎడమ చెవి రెక్క గట్టిపడి లోపలికి ముడుచుకుపోయింది.

చిన్నోడు తిన్నగా వెళ్ళి అడిగేశాడు. ‘తాతగారూ, మెడ పట్టుకుంటే నిజంగా ఓడిపోతారా?’

తాత నవ్వాడు. ‘కుస్తీలో మెడ నులమకూడదు బాబూ, తప్పు. కానీ తెలుసుకోవాల గాబట్టి మా గురువు సూపించినాడు. ఏటి, సూస్తావా?’

వాడు సిద్ధమైపోయాడు. తాత మాత్రం తల అడ్డంగా ఊపి, ‘నువ్వు కాదమ్మా, పెద్దోడు రావాల’ అన్నాడు. చెప్పులు విప్పి గోదాలో కూర్చున్నాను. మట్టి చల్లగా ఉంది. తాత నా వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన ఒంటినుంచి కొబ్బరినూనె వాసన. కుడిచెయ్యి నా గడ్డం కిందనుంచి పోనిచ్చాడు. మోచేతి మడత సరిగ్గా నా గొంతు ముడి ముందుకొచ్చింది. అందుకే గొంతు మీద ఏమీ పడలేదు. ఒకపక్క కండ, రెండోపక్క ముంజేతి ఎముక. చెవి దగ్గర మెల్లగా చెప్పాడు, ‘ఊపిరి ఆపడానికి కాదు బాబూ ఈ పట్టు. ఇటొకటి అటొకటి రెత్తం పోయే నరాలున్నాయి సూడు. అవి నొక్కితే సాలు, బలం అక్కర్లేదు. తట్టు, ఒదిలేస్తాను.’

నేను ఊపిరి తీసుకుంటూనే ఉన్నానురా. అదే నాకు ఆశ్చర్యం. నొప్పి లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. చెవుల్లో లాసన్స్ బే అలల హోరు మొదలైంది. ఎదురుగా నిలబడ్డ చిన్నోడు చుట్టూ అంచులు నల్లబడుతూ వచ్చాయి, వాడి ఎర్ర చొక్కా ఒక్కటే మిగిలింది. వాడు పైకి లెక్కపెడుతున్నాడు. భయం వెయ్యాలి, వెయ్యలేదు. ఏదో మెత్తటి దాంట్లోకి జారుతున్నట్టుంది, హాయిగా కూడా ఉంది. పాప ముఖం గుర్తొచ్చింది. తట్టేశాను. అప్పటికి ఆరు అన్నాడట.

అప్పుడు తెలిసిందిరా నాకు సీనా ఎందుకు నవ్వాడో!

చిన్నోడు అబద్ధమని చూపించిన నవ్వే ఆ మ్యాచ్ మొత్తంలో అన్నిటికన్నా నిజం. నొప్పి పెట్టే పట్టులో మనిషి నవ్వలేడు. చీలమండ మెలిపెట్టే యాంకిల్ లాక్‌లోనో, ముఖం వెనక్కి లాగే క్రిప్లర్ క్రాస్‌ఫేస్‌లోనో నవ్వితే నమ్మను. కానీ ఈ పట్టులో నవ్వు వస్తుంది. పెనుగులాట అయిపోయి ఇక చాలు అనుకునే ఒక క్షణం ఉంటుంది, అది నా ఒంటికి తెలిసింది. ఆ మ్యాచ్ ఎలా ముగియాలో వాళ్ళు ముందే అనుకుని ఉంటారు, నాకు తెలీకేం. అయినా ఇరవై ఏళ్ళు పట్టువదలని మనిషిని ఆపాలంటే వాళ్ళు ఆరో అంతస్తు నుంచి తోసే దెబ్బ వెతకలేదు చూడు. అందరూ నీళ్ళు తాగడానికి లేచిపోయే పాత స్లీపర్‌నే తెచ్చారు. గోల్డ్‌బర్గ్‌తో ఒకసారి, సీనాతో ఒకసారి. ఇక మీదట గుంథర్ ఆ చెయ్యి వేస్తే నేను టీవీ ముందునుంచి కదలను.

ఇంటికొచ్చాక చిన్నోడు మళ్ళీ ఆ ఆఖరి నిమిషం పెట్టించుకుని చూశాడు. ఏమీ అనలేదు. టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇంకో మాట చెప్పాలి, రాయాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. తాత నాతో అన్నాడు, ‘నువ్వు తట్టకముందే ఒదిలేసినాను బాబూ, నీ మెడ బరువు నా సేతికి తెలిసిపోయింది’ అని. అది విన్న దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదు. టూంబ్‌స్టోన్ గుర్తుందిగా. అండర్‌టేకర్ అవతలివాణ్ణి తలకిందులుగా ఎత్తి, వాడి తల తన తొడల మధ్య పైకే ఉంచుకుని మోకాళ్ళ మీద పడతాడు. దెబ్బంతా ఆ మోకాళ్ళే తింటాయి, తల నేలకి తగలదు. 1997 సమ్మర్‌స్లామ్‌లో ఆస్టిన్‌ని అలాగే ఎత్తిన ఓవెన్ హార్ట్ మోకాళ్ళ మీద పడకుండా కూర్చుండిపోయాడు, అంతే తేడా. ఆస్టిన్ తల కింద ఉండిపోయింది, కాసేపు కాళ్ళూ చేతులూ కదల్లేదు. ఎలాగో పాక్కుంటూ వెళ్ళి ఓవెన్‌ని చుట్టేసి ఆస్టినే గెలిచాడు. మెడ మాత్రం పూర్తిగా ఎప్పటికీ బాగుపడలేదు, 2003లో మానేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు డబ్ల్యూడబ్ల్యూఈలో అండర్‌టేకర్, కేన్ తప్ప ఇంకెవరూ ఆ దెబ్బ వెయ్యకూడదన్నట్టే నడిచింది.

మనకి ఇదంతా తెలీదు కదరా అప్పుడు. 1999 ఎండాకాలం. లాసన్స్ బే ఇసుక. మన జట్టులో బొండాంగాణ్ణి నువ్వు టూంబ్‌స్టోన్ కోసం తలకిందులుగా ఎత్తావు. మోకాళ్ళ మీద పడ్డావో కూర్చున్నావో నాకు గుర్తులేదు. ఇసుక మెత్తగా ఉంటుందిలే అనుకున్నాం. నేను ఒకటి, రెండు, మూడు కొట్టేశాను. ఆ ఒక్కసారే గబగబా లెక్కపెట్టాను, ఎందుకో తెలీదు. వాడు లేవలేదు. బాగా నటిస్తున్నాడని చప్పట్లు కొట్టాం. ఎంతసేపు కొట్టామో నీకు గుర్తుందా? తర్వాత వాడు మెడ పట్టుకుని లేచి, ఏమీ కాలేదు, ఇంట్లో చెప్పకండి అన్నాడు. వారం రోజులు తల తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. మనం దానికి కూడా పేరు పెట్టి నవ్వాం.

నేను రెఫరీని కదా. వంగి వాడి ముఖం చూడాల్సింది నేనే.

వాడిప్పుడు గాజువాకలోనే ఉన్నాడు, మొన్న పూర్ణా మార్కెట్‌లో ఎదురుపడ్డాడు. బాగున్నాడు, ఇద్దరు పిల్లలు. మెడ గురించి అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. నువ్వు పండక్కి రాగలిగితే ముగ్గురం కలిసి అదే ఇసుకలో కూర్చుని, నేను ముందుగా వాడితో

మీ బావ వచ్చేశాడురా, కిందనుంచి హారన్ కొడుతున్నాడు. అరిసెలు మీద వరస నువ్వులవి, కింద వరస మామూలువి. చెల్లెమ్మని అడిగానని చెప్పు. జవాబు రాయి, బొండాం సంగతి తప్పకుండా రాయి.

నీ
రెండున్నర