సృష్టికర్త సంగతి తేలలేదు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వార్షిక నివేదిక అంటే "కార్యక్రమాలన్నీ దిగ్విజయంగా జరిగాయి, సహకరించిన అందరికీ ధన్యవాదాలు" అని నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకోవచ్చు. ఈ ఏడాది జరిగినవి అలా సర్దేసేవి కావు. పోయిన సర్వసభ్య సమావేశంలో మీరే చేతులెత్తి రెండు అంశాలు పెట్టారు: విశ్వానికి సృష్టికర్త అవసరమా, సమాజంలో నీతిగా బతకడానికి ఆధారం ఏమిటి. అసలీ రెండూ ఒకటే ప్రశ్న అనుకున్నవాళ్ళే మనలో ఎక్కువ. మొదటిది తేలితే రెండోది దానంతటదే తేలిపోతుందని ఆస్తికులూ అనుకున్నారు, నాస్తికులూ అనుకున్నారు, ఇద్దరూ ఏకీభవించిన విషయం బహుశా అదొక్కటే. ఏడాదంతా మినిట్స్ రాసిన నాకు మాత్రం ఆ రెండిటికీ మనం అనుకున్నంత చుట్టరికం కనబడలేదు. ఎందుకో కింద రాశాను. ఒప్పుకోనివాళ్ళు సమావేశంలో నన్ను నిలదీయండి.

ముందు ప్రార్థన గొడవ. సభ ప్రార్థనతో మొదలవ్వాలని కొందరు, అలా అయితే మేం పది నిమిషాలు ఆలస్యంగా వస్తామని కొందరు. కార్యవర్గం మధ్యేమార్గంగా ఒక నిమిషం మౌనం పెట్టింది, ఆ నిమిషంలో ఎవరేం చేసుకుంటారో వాళ్ళిష్టం. అప్పుడు మౌనం కూడా దొంగచాటు ప్రార్థనేనని ఒక ఫిర్యాదు, ప్రార్థనని మౌనం కింద దిగజార్చారని ఇంకో ఫిర్యాదు వచ్చాయి. రెండు వైపుల నుంచీ తిట్లు పడ్డాయంటే నిర్ణయం సరిగ్గానే ఉన్నట్టని అధ్యక్షులవారు తేల్చేశారు. మౌనం కొనసాగుతోంది.

పనికొచ్చిన మార్పు ఇంకోటి ఉంది. మన పాత శాస్త్ర చర్చల్లో ఉన్న పూర్వపక్షం పద్ధతిని నియమంగా పెట్టాం. అవతలివాళ్ళ వాదనని ముందు మీరు చెప్పాలి, "అవును, నేను అన్నది ఇదే" అని వాళ్ళు ఒప్పుకున్నాకే ఖండించడం మొదలుపెట్టాలి. మొదటి సమావేశంలో ఒక్కరు కూడా ఈ గడప దాటలేకపోయారు. "నేనన్నది అది కాదండీ", "మరేమన్నారు", "మళ్ళీ చెప్తా వినండి", దీంతోనే సాయంత్రం అయిపోయింది. మూడో సమావేశానికి గొంతులు తగ్గాయి. ఎదుటివాడి మాటని వాడికంటే బాగా చెప్పి ఆ తర్వాత కొట్టాలంటే ఇంట్లో కూచుని కాస్త చదువుకోవాలి మరి.

ఇక అసలు చర్చ. మన దగ్గర ఈ వాదన కుండతో మొదలవుతుంది. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నాడు, అలాగే కొండలూ భూమీ కూడా భాగాలు కలిసి ఏర్పడిన కార్యాలే కాబట్టి వాటికీ తెలివున్న కర్త ఉండాలి. మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనం వాళ్ళ వాదన ఇది, వాళ్ళలో పదో శతాబ్దపు ఉదయనుడి చేతిలో బాగా బిగిసింది. ఆస్తికుల తరఫున మాట్లాడిన రిటైర్డ్ లెక్చరర్ గారు (అందరం మాస్టారు అంటాం) దీన్ని చాలా ఓపిగ్గా వివరించారు. ఆయన కూర్చున్నారో లేదో, వెనక వరసలోంచి ఒకావిడ లేచి, మరి పుట్ట సంగతేమిటండీ అన్నారు. పుట్ట కూడా మట్టే, దానికీ ఆకారం ఉంది, లోపల దారులున్నాయి, అయినా దాన్ని కుమ్మరి చేశాడని ఎవరూ అనరు కదా. సభ అంతా నవ్వింది గానీ ఇది నవ్వులాట ప్రశ్న కాదు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఉదయనుడికి శతాబ్దాల ముందే ఇదే అడిగాడు. కుండల్ని మనుషులు చేయడం మనం చూశాం, అందుకని కొత్త కుండని చూసినా కుమ్మరిని ఊహిస్తాం. కొండని ఎవరైనా చేయడం ఎవరు చూశారు? "ఆకారం ఉంది" అన్న ఒక్క పోలికతో అంత దూరం దూకడం కుదరదని ఆయన పట్టు. మాస్టారు తగ్గలేదు. పుట్టని చెదపురుగులు కట్టాయి, అంటే దానికీ కర్త ఉన్నట్టే కదా, ఎవరో ఒకరు కట్టారనే నేనూ అంటున్నాను అన్నారు. చెదపురుగుకి ప్లాన్ ఉందా అని ఆవిడ, లేకుండా కట్టిందా అని ఈయన. మినిట్స్ రాస్తూ నేను పెన్ను పక్కన పెట్టేసి విన్నాను.

మనలో చాలామందికి కొత్తగా తెలిసిన విషయం ఒకటుంది. వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులు సృష్టికర్తని ఒప్పుకోలేదు. ఎవరూ లేని కాలంలో ఆయన సృష్టించాడని సాక్ష్యం ఎవరు చెప్తారు, ఏ ప్రయోజనం కోసం సృష్టించాడు, జీవుల్ని ఇంత దుఃఖంలోకి ఎందుకు దించాడు అని ఏడో శతాబ్దంలోనే కుమారిల భట్టు గట్టిగా నిలదీశాడు. జైనులూ అంతే, లోకం అనాది అన్నారు. అటు న్యాయ దర్శనం వాళ్ళ ఈశ్వరుడు కూడా శూన్యంలోంచి ఏమీ పుట్టించడు, ఎప్పటినుంచో ఉన్న పరమాణువుల్ని కూర్చి పెడతాడు. అంటే మన సభలో "సృష్టికర్త" అన్నప్పుడల్లా ఒక్కొక్కరి బుర్రలో ఒక్కొక్క ఆయన ఉన్నాడు. నాస్తికులు ఒకరిని ఖండిస్తుంటే ఆస్తికులు ఇంకొకరిని కాపాడుతున్నారు. ఇది తెలియడానికి మనకి సగం ఏడాది పట్టింది, తక్కువేం కాదు.

బిగ్ బ్యాంగ్ సమావేశానికి జనం బాగా వచ్చారు, కుర్చీలు చాలలేదు. విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల సంవత్సరాలని లెక్క. దానికి మొదలు ఉందని సైన్సే చెప్తోంది కాబట్టి మొదలుపెట్టినవాడు కూడా ఉన్నట్టే అని ఒకరు సంబరంగా అన్నారు. మొదలున్న ప్రతిదానికీ కారణం ఉండాలన్న ఈ వాదన పదకొండో శతాబ్దపు ఇస్లాం పండితుడు అల్ గజాలీ దగ్గర చాలా స్పష్టంగా కనిపిస్తుంది. భౌతికశాస్త్రం చదువుతున్న మన కుర్ర సభ్యుడు బోర్డు దగ్గరికెళ్ళి కాస్త నీళ్ళు చల్లాడు. ఆ సిద్ధాంతం చెప్పేది విశ్వం ఒకప్పుడు చాలా వేడిగా, దట్టంగా ఉండి అక్కణ్ణుంచి విస్తరించిందని. ఇంకా వెనక్కి తోసుకుంటూ పోతే సాపేక్షతా సిద్ధాంతం, క్వాంటం సిద్ధాంతం రెండూ కలిసి పనిచేయాల్సిన చోటికొస్తాం, వాటిని కలిపే ఖాయమైన సిద్ధాంతం ఇంకా చేతిలో లేదు. కాబట్టి "మొదలు" అన్న మాట అక్కడ నమ్మకంగా వాడలేం.

అతను చెప్పిన చరిత్ర నాకు ఇంకా నచ్చింది. విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్కగట్టి, 1931లో విశ్వమంతా ఒకే ఆది పరమాణువు నుంచి వచ్చిందన్న ఊహ చేసిన జార్జ్ లమెత్ర్ ఒక క్రైస్తవ పూజారి. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సైన్సు సృష్టివాదానికి బలం అన్నట్టు మాట్లాడితే, సంతోషించాల్సిన లమెత్ర్‌కే అది నచ్చలేదు, రెండిటినీ కలపొద్దన్నది ఆయన మాట. ఇటు నాస్తికుడైన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయల్‌కి విశ్వానికి మొదలు ఉండటమే మింగుడుపడక, ఎప్పుడూ ఇలాగే ఉండే విశ్వం సిద్ధాంతాన్ని 1948లో ముందుకు తెచ్చినవాళ్ళలో ఒకడయ్యాడు. "బిగ్ బ్యాంగ్" అన్న పేరు కూడా ఆ మరుసటి ఏడాది రేడియోలో ఆయన నోటి నుంచే వచ్చింది. 1965లో పెన్జియాస్, విల్సన్‌లు విశ్వమంతా నిండిన సూక్ష్మతరంగ వికిరణం (ఆ తొలి వేడి మిగులు) సంగతి బయటపెట్టాక హోయల్ పక్షం నీరుగారిపోయింది. ఆయన నాస్తికత్వం మాత్రం దాంతో నీరుగారలేదు. లమెత్ర్ భక్తి ఆ వికిరణం కోసం కాచుకుని కూర్చోనూ లేదు.

మాస్టారు మరో దారి పట్టారు. విశ్వానికి మొదలు లేదనే అనుకోండి, అయినా ఇది ఉండకపోయే వీలుంది కదా, మరి ఎందుకు ఉంది? పదమూడో శతాబ్దపు క్రైస్తవ తాత్త్వికుడు థామస్ అక్వినాస్ కూడా విశ్వానికి మొదలు ఉందని తర్కంతో నిరూపించలేమనే అన్నాడు, ఆయన వాదన మొదలు మీద నిలబడలేదు. దీనికి ప్రతిపక్షం 1948 నాటి బీబీసీ చర్చలో తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ తీసుకున్న వైఖరిని ముందు పెట్టింది: విశ్వం ఉంది, అంతే, లోపలి వస్తువులకి కారణం అడిగినట్టు మొత్తానికి అడగడంలో అర్థం లేదు. వాళ్ళమ్మతో వచ్చిన తొమ్మిదో తరగతి పాప, దేవుడికి కారణం అక్కర్లేనప్పుడు విశ్వానికి మాత్రం ఎందుకు అని అడిగింది. లేకుండా పోయే వీల్లేనిది ఏదో ఒకటి ఉండాలమ్మా, అది విశ్వమా, దాని వెనకున్నదా అన్నదే మా పేచీ అన్నారు మాస్టారు. ఇక్కడితో ఈ అంశం ముగించాం. ఓటింగ్ పెట్టమని కొందరు అడిగారు, విశ్వానికి చేతులెత్తే పద్ధతి పనికిరాదని కార్యవర్గం ఒప్పుకోలేదు.

నీతి సంగతి ఇంతకంటే చిక్కు. పైన చూసేవాడు లేకపోతే మనిషి అదుపు తప్పుతాడు అన్నది మొదటి వాదన. దీనికి జవాబు మన ఇంట్లోనే ఉంది. సృష్టికర్తని పక్కన పెట్టిన మీమాంసకులు ధర్మం గురించి మాట్లాడినంత ఎవరూ మాట్లాడలేదు, సృష్టికర్తే లేడన్న జైనులు అహింసని పట్టుకున్నంత గట్టిగా ఎవరూ పట్టుకోలేదు. ఇతరులు ఏం చేస్తే మనకి బాధో అది మనం ఇతరులకి చేయకపోవడమే పరమ ధర్మమని చెప్పే తిక్కన పద్యంలో ఆ లెక్కకి దేవుడి సాక్ష్యం అడగలేదు, తన మనసు సాక్ష్యం చాలన్నాడు. మంచి కాబట్టి దేవుడికి ఇష్టమా, దేవుడికి ఇష్టం కాబట్టి మంచిదా అని ప్లేటో రాసిన సంభాషణలో సోక్రటీస్ వేసిన ప్రశ్నకి మన ఆస్తిక సభ్యుల్లోనే రెండు జట్లు తేలాయి.

నాస్తికులు ఇక్కడ గెలిచేశాం అనుకున్నారు. తొందరపడ్డారు. మంచితనం పరిణామంలోనే వచ్చింది, జంతువుల్లోనూ ఉంది అని చెప్పడానికి 2003లో బ్రోస్నన్, డీ వాల్ కాపుచిన్ కోతుల మీద చేసిన ప్రయోగం తెచ్చారు: పక్కదానికి ద్రాక్ష ఇచ్చి తనకి దోసముక్క ఇస్తే చాలా కోతులు తీసుకోవడానికే మొరాయించాయి. దానికి మన నర్సు సభ్యురాలు ఒక్క మాట అన్నారు. "నాకు తక్కువొచ్చిందని కోపం రావడం వేరు, పక్కవాడికి తక్కువొచ్చిందని నాకు నిద్ర పట్టకపోవడం వేరు. ఆ రెండోది ఎందుకు ఉండాలో చెప్పండి." సరిగ్గా అక్కడే అందరం ఇరుక్కున్నాం. ఒక భావం మనలోకి ఎలా వచ్చిందో చెప్పినంత మాత్రాన దానికి లోబడి ఎందుకు నడవాలో చెప్పినట్టు కాదు. దేవుడి ఆజ్ఞ అన్నవాళ్ళకీ ఇదే చిక్కు, ఆజ్ఞకి ఎందుకు లోబడాలి అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. నేను ముందే రాసిన చుట్టరికం లేదన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. సృష్టికర్త ఉన్నాడని తేలినా, లేడని తేలినా, రేపు పొద్దున పక్కింటివాడితో ఎలా ఉండాలో ఆ తీర్పులో రాసి ఉండదు.

గోరా, గాంధీల ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. గోరా పక్కా నాస్తికుడు, గాంధీ సంగతి చెప్పక్కర్లేదు. అంటరానితనం పోవాలన్న పని దగ్గర ఇద్దరూ కలిశారు. గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్ళి నిశ్చయించినప్పుడు గాంధీ సేవాగ్రామ్‌లో ఆ పెళ్ళి జరిపించడానికీ, ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అని వాడటానికీ ఒప్పుకున్నారు. 1948లో ఆ పెళ్ళి జరిగేనాటికి ఆయన లేరు. ఒకరినొకరు మార్చుకునే దాకా ఆగి ఉంటే ఆ పని జరిగేదే కాదు.

ఏడాదిలో నాకు అన్నిటికంటే విలువైనది అనిపించిన సమావేశానికి జనం తక్కువ వచ్చారు. అంశం పరామర్శ. బిడ్డ పోయిన ఇంటికి వెళ్ళి "అంతా ఆయన లీల" అనొచ్చా? సృష్టి లీల అని శాస్త్రంలో ఉంది, నిజమే. లోకంలో ఈ హెచ్చుతగ్గులకి ఈశ్వరుడి పక్షపాతం కారణం కాదు, కర్మ కారణం అని శంకరులు జవాబు చెప్పిన మాటా నిజమే. మాస్టారే లేచి, అవి గ్రంథంలో జవాబులు, గుమ్మంలో చెప్పేవి కావు అన్నారు. తర్కంలో ఆయనతో ఏడాదంతా తలపడిన పుట్ట ప్రశ్న ఆవిడ అందరికంటే ముందు తలూపారు. మరి నాస్తికుడు ఏమనాలి? నర్సు గారు తన వార్డు సంగతి చెప్పారు. రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయన, అమ్మా నాతోపాటు దణ్ణం పెట్టుకుంటావా అని అడిగాడట. ఆవిడకి నమ్మకం లేదు. లేదని చెప్పలేదు, పెట్టుకుంటున్నట్టు నటించలేదు. సెలైన్ గొట్టం పక్కకి జరిపి ఆయన చెయ్యి పట్టుకుని, మీరు పెట్టుకోండి, అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను అన్నారట. అది అబద్ధంతో సమానమా కాదా అని ఆ తర్వాత గంటసేపు వాదించుకున్నాం. నా ఉద్దేశంలో కాదు. అవునన్నవాళ్ళు ఇద్దరున్నారు, ఒకరు ఆస్తికులు, ఒకరు నాస్తికులు.

మిగతావి గబగబా. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం, లైబ్రరీ పుస్తకాలు తీసుకెళ్ళినవాళ్ళు దయచేసి తిరిగివ్వండి, ముఖ్యంగా న్యాయ దర్శనం పుస్తకం, దాని కోసం ఇద్దరు క్యూలో ఉన్నారు. కార్యవర్గం ఎన్నికలు సర్వసభ్య సమావేశం రోజే. నేను మళ్ళీ నిలబడను, మినిట్స్ రాస్తూ ఉంటే వాదించడం కుదరట్లేదు.

వచ్చే ఏడాది మొదటి అంశం కర్మ సిద్ధాంతం: బాధపడేవాడిదే తప్పని అది చెప్తుందా? ఆస్తికుల పక్షం పూర్వపక్షంగా చెప్పడానికి ఒక నాస్తికుడు, అవతలి పక్షం చెప్పడానికి ఒక ఆస్తికుడు కావాలి. మాస్టారు ఇప్పటికే పేరిచ్చారు. రెండో పేరు ఇంకా రాలేదు.