‘ఇదీ నిద్ర మాత్రే’ అని చేతిలో పెట్టేస్తే ఎట్లా?

అయ్యా,

నాన్న పోయినాక అమ్మకు నిద్ర కరువైంది. 72 ఏళ్ల మనిషి. కర్నూలులో డాక్టరు గారు లోరాజెపామ్ 1 మిల్లీగ్రాము మాత్ర, రెండు వారాలకు మాత్రమే అని రాసిచ్చినారు. ఆదోనిలో మేము పోయిన షాపులో అది లేదు. ‘ఇదీ నిద్ర మాత్రేనన్నా, ఏం కాదు’ అని డయాజెపామ్ 10 మిల్లీగ్రాములది ఇచ్చినారు. మళ్లీ కర్నూలు పోయొస్తే ఒక రోజు పని పోతుందని నేనూ తలూపినాను. ఆ తప్పు నాది.

మొదటి రెండు రాత్రులు బాగానే గడిచినాయి. ఐదో రోజుకు అమ్మ మధ్యాహ్నం దాకా తూగుతూనే ఉంది, మాట ముద్దగా వస్తోంది. ఆ రాత్రి బాత్‌రూమ్ గడప దగ్గర పడి మణికట్టు విరిగింది.

స్ట్రిప్పు చూసి డాక్టరు గారు తల పట్టుకున్నారు. బలం లెక్కన ఆ రెండు మాత్రలూ ఇంచుమించు సమానమేనట. తేడా అంతా ఒంట్లో నిలిచే కాలంలో ఉంది. లోరాజెపామ్ 10 నుంచి 20 గంటల్లో సగానికి తగ్గుతుంది. డయాజెపామ్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది. అది విరిగి పుట్టే పదార్థమూ మత్తిచ్చేదే, అది ఇంకా మొండిది. ముసలి ఒంట్లో ఇదంతా మరీ ఆలస్యం. పాత బాకీ తీరకముందే కొత్త అప్పు చేసినట్టు, రోజూ మత్తు మీద మత్తు పేరుకుంటుంది.

మా వీధి అరుగుల మీద ‘నాది పాయింట్ ఫైవే, చిన్న మాత్ర’ అని ధీమాగా చెప్పే పెద్దలున్నారు. వాళ్లు చెప్పేది ఆల్ప్రజోలం అనే ఇంకో మత్తు మాత్ర సంగతి. అది అర మిల్లీగ్రాము, డయాజెపామ్ 10 మిల్లీగ్రాములకు దీటు. పైగా తొందరగా దిగిపోయే మందు. ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, కంటి మీద కునుకు లేకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాల్సిందే.

చీటీలో రాసినదానికి బదులు ఇంకో మందు ఇవ్వకూడదని నిబంధనలున్నాయి. డయాజెపామ్, ఆల్ప్రజోలం 2014 నుంచి హెచ్1 అనే కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చిందీ రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు దాచాలి. మమ్మల్ని పేరైనా అడగలేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు షాపులకు వచ్చినప్పుడు ఆ రిజిస్టర్ తెరిపించాలి. డాక్టర్లు కూడా చీటీ మీద ‘ఇది దొరక్కపోతే ఫోన్ చేయండి, వేరేది వాడొద్దు’ అని తెలుగులో ఒక ముక్క రాస్తే బాగుంటుంది.

— ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా