సాక్షి ‘అవును’ అన్నాడు, కానీ ఏమని?

సంపాదకులకు నమస్కారం.

పల్లెటూరి జనం కోర్టుల్లో, ఆఫీసుల్లో నష్టపోవడానికి ఇంగ్లీషు రాకపోవడమే కారణమని, అది నేర్పితే సరిపోతుందని మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాశారు. ఆ మాటలో సగమే నిజం ఉంది. నేను జిల్లా కోర్టుల్లో స్టెనోగ్రాఫరుగా చేసి రిటైరయ్యాను. తెలుగులో చెప్పిన సాక్ష్యం ఇంగ్లీషులోకి మారుతుంటే పక్కనే కూర్చుని టైపు కొట్టినదాన్ని. ఇంగ్లీషు క్షుణ్ణంగా వచ్చిన వకీళ్ళు, జడ్జీలు ఉన్న హాల్లో కూడా అర్థం తిరగబడుతుంది. చాలాసార్లు అందుకు ఆ భాష వ్యాకరణమే కారణం.

కోర్టు మెట్లెక్కని అదృష్టవంతుల కోసం పద్ధతి చెబుతాను. సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు విని, దాన్ని ఇంగ్లీషు వాక్యం చేసి డిక్టేట్ చేస్తారు, స్టెనో కొడుతుంది. చివర్లో ఆ ఇంగ్లీషును మళ్ళీ తెలుగులో వినిపించి, సరే అనిపించుకుని, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. సాక్షి చెవిన పడేది తెలుగు, అప్పీలుకు వెళ్ళేది ఇంగ్లీషు కాగితం.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి పక్షం వకీలు సాక్షిని ప్రశ్నించేటప్పుడు, వకీళ్ళకు ‘లేదు కదా’, ‘కాదు కదా’ అని ముగిసే ప్రశ్నలంటే మహా ఇష్టం. ‘అప్పు నోటు రాసిన రోజు నువ్వు అక్కడ లేవు కదా?’ అంటారు. మన రైతు ‘అవునండి’ అంటాడు. మీరన్నది నిజమే, నేను లేను అని అతని ఉద్దేశం. మనం అడిగినవాడి మాటను ఒప్పుకుని ‘అవును’ అంటాం. ఇంగ్లీషువాడు అడిగిన తీరును పట్టించుకోడు, జరిగిందేమిటో చూస్తాడు. అదే ప్రశ్నకు అతను ‘యెస్’ అంటే ఉన్నానని, ‘నో’ అంటే లేనని. ఓపిక ఉన్న జడ్జిగారైతే ‘ఏమయ్యా, ఉన్నావా లేవా, సరిగ్గా చెప్పు’ అని గదమాయించి పూర్తి వాక్యం రాయిస్తారు. సాయంత్రమైపోయి, వరండాలో ఇంకా సాక్షులు కూర్చుని ఉంటే ప్రశ్న కింద ఒక ‘యెస్’ పడి ఊరుకుంటుంది.

అలాంటి ఒక్క ‘యెస్’ మీద ఒక నోటు దావాలో రెండు పక్షాల వకీళ్ళూ వాదించుకోవడం నేను విన్నాను. సాక్షి సంతకం చేసినవాడు అక్కడే ఉన్నాడని ఒకరు, లేడని ఒకరు. ఇద్దరి చేతుల్లోనూ అదే కాగితం, వేలు పెట్టి చూపిస్తున్నది అదే లైను. ఆ సాక్షిని మళ్ళీ పిలిపించాలని పిటిషను, దానికి కౌంటరు, వాయిదా మీద వాయిదా. అప్పిచ్చినాయనకు వడ్డీ కంటే బస్సు చార్జీల బాధే ఎక్కువైంది.

ఇక ‘సజెషన్’ అనే ప్రక్రియ ఉంది. అవతలి వకీలు తన పక్షం కథను సాక్షి ముందు పెడతాడు, సాక్షి కాదంటాడు. ‘ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఐ డిడ్ నాట్ రీపే ది అమౌంట్’ అని ఎన్ని వందల పేజీల్లో కొట్టానో. రెండు ‘నాట్’లూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక ఆ మనిషి అప్పు తీర్చానంటున్నాడా, తీర్చలేదంటున్నాడా అని వేళ్ళు మడిచి చూసుకోవాలి. ‘నేను అప్పు తీర్చలేదనడం నిజం కాదు’ అని తెలుగులో రాసినా గందరగోళం కొంత ఉంటుందనుకోండి, ఆ పాపం వకీళ్ళది.

దొంగతనం కేసుల్లో అయితే రాత్రిపూట మొహం కనిపించిందా లేదా అన్నదానిమీదే సగం వాదన నడుస్తుంది. ‘ఐ సా ది మ్యాన్ విత్ ఎ టార్చ్’ అని ఉంటే టార్చిలైటు ఎవరి చేతిలో ఉన్నట్టు? సాక్షి చేతిలో ఉంటే దొంగ మొహం మీద వెలుగు పడ్డట్టు. దొంగ చేతిలో ఉంటే వెలుగు సాక్షి కళ్ళల్లో కొట్టినట్టు, గుర్తుపట్టడం కష్టం. ‘టార్చి వేసి చూశాను’ అన్నా, ‘టార్చి పట్టుకున్న మనిషిని చూశాను’ అన్నా తెలుగులో ఏ సందేహమూ రాదు. ‘ఓన్లీ’ సంగతీ ఇంతే. ‘ఐ ఓన్లీ సా హిమ్ ఎట్ ది గేట్’ అంటే గేటు దగ్గర మాత్రమే చూశాడా, అతన్ని మాత్రమే చూశాడా, చూసి ఊరుకున్నాడా? మాట్లాడేటప్పుడు గొంతు ఒత్తి తేడా చూపిస్తారు. టైపు మిషన్‌కు గొంతు లేదు.

మన భాషలో లోపం లేదని నేననను. ‘వచ్చాడు, కొట్టాడు, పోయాడు’ అని సాక్షి గడగడా చెప్పేస్తాడు. ఎవరు, ఎవరిని? ఇంగ్లీషులో కర్త లేకుండా వాక్యం సాగదు కాబట్టి డిక్టేషన్ అక్కడే ఆగి, ‘ఎవరయ్యా కొట్టింది?’ అని అడగాల్సి వచ్చేది. ఆ ఒక్క విషయంలో ఇంగ్లీషుకు దండం పెట్టాను.

ఇవన్నీ ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్ళ పాట్లనుకుంటే అమెరికా వైపు చూడండి. మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ లారీ డ్రైవర్లు ఓవర్‌టైం డబ్బు కోసం దావా వేశారు. ఓవర్‌టైం వర్తించని పనుల జాబితా చివర చట్టంలో ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉంది. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా లేదు. ప్యాకింగ్ ఒక పని, పంపిణీ ఇంకో పని అని యాజమాన్యం అంది. రవాణాకో పంపిణీకో ప్యాక్ చేయడమంతా ఒకటే పని, మేం ప్యాక్ చేయం కాబట్టి ఆ జాబితాలో లేము అని డ్రైవర్లు అన్నారు. 2017 మార్చిలో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు మొగ్గింది. ఈ కేసు వచ్చిందే ఒక కామా లేకపోవడం వల్ల అని తీర్పు మొదటి వాక్యంలోనే రాశారు. చివరికి కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది, అందుకు 2018 దాకా పట్టింది. వాళ్ళ అమ్మభాషలో, వాళ్ళ శాసనసభ రాసుకున్న చట్టం అది.

కాబట్టి పల్లెటూరివాళ్ళకు ఇంగ్లీషు నేర్పితే సరిపోతుందన్న ఆ పాఠకుడి సలహా నాకు నచ్చలేదు. సాక్ష్యాన్ని తెలుగులో రాయడం సులువు. ఇందులో నేను కొత్తగా అడుగుతున్నదేమీ లేదు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక క్రిమినల్ అప్పీలులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. సాక్షి తన భాషలో చెప్పినదాన్ని జడ్జి ఇంగ్లీషులోకి తిప్పి, ఇంగ్లీషులో మాత్రమే రాయించడం కుదరదంది. అందుకు ఆధారమైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 277వ సెక్షన్ నియమం 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. సివిల్ కేసుల్లో, ప్రత్యేక కారణం కనిపిస్తే ఫలానా ప్రశ్ననూ జవాబునూ ఉన్నదున్నట్టు రాయించే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 10వ రూలులో ఉంది. ‘లేవు కదా’ అనే ప్రశ్నకు ‘అవును’ అనే జవాబు రావడం కంటే ప్రత్యేక కారణం ఏం కావాలి? తెలుగు టైపు వచ్చినవాళ్ళు దొరకరన్న సాకు మా రోజుల్లో చెల్లింది. ఇప్పుడు పదో తరగతి పిల్లలు ఫోన్లో తెలుగు దంచేస్తున్నారు.

హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో ఇంగ్లీషే నడుస్తుంది నిజమే. తెలుగులో రాసిన అసలు ప్రతి ఫైల్లో ఉంటే, అనువాదంలో తేడా వచ్చినప్పుడు తీసి చూసుకోవచ్చు. అసలు ప్రతే ఇంగ్లీషులో పుడితే చూసుకోవడానికి ఏమీ ఉండదు. బార్ అసోసియేషన్లు దీనిమీద ఒక తీర్మానం చేసి జిల్లా జడ్జిగార్లకు ఇస్తే బాగుంటుంది.

ఈలోగా బోనెక్కబోయేవాళ్ళకు ఒక మాట. ‘అవును’, ‘కాదు’ అని వదిలేయకండి. ‘ఉన్నాను’, ‘లేను’, ‘ఇచ్చాను’, ‘ఇవ్వలేదు’ అని చెప్పండి. వకీలుగారు ‘అవునో కాదో చెప్పు చాలు’ అని అరిచినా సరే. చదివి వినిపించేటప్పుడు ఇంటికెళ్ళే తొందరలో తల ఊపకండి. ఏ ముక్క తేడాగా వినిపించినా జడ్జిగారికి చెప్పండి. క్రిమినల్ కేసుల్లో ఆయన దాన్ని సరిదిద్దవచ్చు, లేదంటే మీ అభ్యంతరాన్ని అక్కడే నోట్ చేయవచ్చు. అది అయ్యాకే సంతకం పెట్టండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కోర్టు స్టెనోగ్రాఫరు,
ఏలూరు