ముగింపు చెప్పకుండా సమీక్ష రాయలేమా?

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఒక మిస్టరీ నవల మీద సమీక్ష వచ్చింది. ఆ నవల పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే, ఆ సమీక్ష కంటపడనివాళ్లు కూడా ఇప్పుడు వెతుక్కుని చదువుతారేమోనని నా భయం. సముద్రం మధ్యలో ఒక లైట్‌హౌస్, అందులో ముగ్గురు మనుషులు, చలికాలమంతా పడవ రాదు. కథ గురించి ఇంతకు మించి చెప్పను. మీ సమీక్షకుడు మాత్రం ఆ ముగ్గురిలో అబద్ధం చెబుతున్నది ఎవరో, ఎందుకో మూడో పేరాలోనే రాసేశారు.

ఆ రోజుల్లో ఆ పుస్తకం మా అక్క చేతిలో ఉంది. నేనే ఇచ్చాను. రోజూ పడుకునే ముందు పది పన్నెండు పేజీలు చదివి నాకు ఫోన్ చేసేది. కథలో తలుపు పక్కన వానకోట్లు తగిలించే మేకులు మూడు ఉంటాయి. నలభయ్యో పేజీ దగ్గర, ఒక ఉదయం, వాటి కింద నేల మీద నీటి మరకలు నాలుగు కనిపిస్తాయి. రచయిత దాని గురించి ఇంకొక్క మాట కూడా అనరు. నేను చదివినప్పుడు ఆ వాక్యం దాటి వెళ్లిపోయాను. అక్క దాటలేదు. "మేకులు మూడే కదే, నాలుగో మరక ఎక్కణ్ణించి వచ్చింది?" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ఆ తర్వాత రోజుకొకరి మీద అనుమానం. ఒకరోజైతే కథ చెబుతున్న మనిషినే నమ్మనంది. ఆదివారం పొద్దున పేపర్ చూసి, "తెలిసిపోయిందే, ఇంక చదవడానికేముంది" అని పుస్తకం తిరిగి ఇచ్చేసింది. నూట అరవయ్యో పేజీలో తను పెట్టుకున్న కాగితం ముక్క ఇంకా అందులోనే ఉంది.

అదే సమీక్షలో ఇంకో మాట ఉంది: నవల నత్తనడక నడిచిందట, మొదటి వంద పేజీల్లో ఏమీ జరగదట. నాకు ఈ రెండు తప్పులూ ఒకటే అనిపిస్తున్నాయి. నెమ్మదిగా సాగే పేజీలన్నీ జవాబు దాచిపెట్టడానికి నింపిన ఊక అనుకున్నవారికి, ఆ జవాబు ముందే చెప్పేస్తే నష్టమేమిటో కనబడదు.

ఒంటరి చోటులో మనిషి మనసు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ వంద పేజీలు వేరుగా కనిపిస్తాయి. 1801లో వేల్స్ తీరానికి దూరంగా స్మాల్స్ అనే రాతిదిబ్బ మీది లైట్‌హౌస్‌లో ఇద్దరే కాపలాదారులుండేవారు. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదని అందరికీ తెలుసు. ఒకరు చనిపోయారు. శవాన్ని సముద్రంలో వదిలేస్తే తానే చంపాడంటారని రెండో మనిషి భయపడ్డాడు. దొరికిన చెక్కలతో పెట్టె చేసి, శవాన్ని అందులో పెట్టి, లైట్‌హౌస్ బయటే కట్టి ఉంచాడు. తుఫానుల వల్ల వారాల తరబడి పడవ చేరలేకపోయింది. అన్నాళ్లూ దీపం మాత్రం ఆరనివ్వలేదు. ఆ ఘటన తర్వాతే లైట్‌హౌస్‌కు ముగ్గురు ఉండాలన్న పద్ధతి వచ్చిందని చెబుతారు. బయటినుంచి చూస్తే ఆ వారాల్లో జరిగిందేమీ లేదు. ఒక మనిషి రోజూ దీపం వెలిగించాడు, అంతే. కానీ ఆ మనిషి లోపల ఏం జరిగి ఉంటుంది? ఇలాంటి నవలలు రాసేవాళ్లు ఆ లోపలికే వెళ్తారు. అక్కడికి పరుగున వెళ్లడం కుదరదు.

1950ల మొదట్లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త డోనాల్డ్ హెబ్ బృందం ఒక ప్రయోగం చేసింది. విద్యార్థులకు రోజుకింతని డబ్బిచ్చి, మసక కళ్లద్దాలు, చేతులకు తొడుగులు పెట్టి, ఒక గదిలో మంచం మీద ఊరికే పడుకోమన్నారు. పనేమీ లేదు, డబ్బు వస్తుంది. అయినా చాలామంది రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయారు. కొందరికి లేని బొమ్మలు, లేని మనుషులు కనిపించడం మొదలైంది. బయటినుంచి ఏమీ అందకపోతే మనసు తానే ఏదో ఒకటి కల్పించుకుంటుంది. 'ఏమీ జరగని' వంద పేజీలు పాఠకుణ్ణి సరిగ్గా ఆ గదిలోకే తీసుకెళ్తాయి. నాలుగో మరకను మా అక్క పట్టుకున్నది అందుకే. అప్పటికి తనకూ ఆ లైట్‌హౌస్‌లో చాలా రోజులు గడిచినట్టయింది.

ముగింపు ముందే తెలిస్తే కథ పాడవదని పరిశోధన ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోకు చెందిన ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు అలాంటి ఫలితాలే ప్రచురించారు. ముగింపు తెలిసి చదివినవాళ్లు కథల్ని ఇంకా ఎక్కువ ఇష్టపడ్డారని తేల్చారు. కానీ వాళ్లు చదివించినవి 12 చిన్న కథలు. ఒక్క కూర్చోవడంలో అయిపోయే కథ వేరు, మూడు వారాల పాటు మనిషిని వెంటాడే నవల వేరు. పైగా ముగింపు తెలిసి రెండోసారి చదవడం ఎంత బాగుంటుందో నాకు తెలుసు, ఈ నవలను నేను అలా చదివాను కూడా. కానీ మొదటిసారి చదివే అవకాశం ఎవరికైనా ఒక్కటే ఉంటుంది. అది పాఠకుడి సొత్తు. దాన్ని ఖర్చుపెట్టే హక్కు సమీక్షకుడికి లేదు.

లండన్‌లో 1952లో మొదలైన ఒక మిస్టరీ నాటకం ఉంది. హంతకుడెవరో బయట చెప్పవద్దని ఆట అయ్యాక నటులే ప్రేక్షకులను అడుగుతారు. టికెట్ కొని చూసిన మామూలు జనాన్ని అడిగే మర్యాద ఇది. పత్రిక సమీక్షకుణ్ణి కూడా అంతే అడుగుతున్నాను. చోటు ఎలా ఉంది, మనుషులు ఎలాంటివారు, భాష ఎలా పట్టి లాగింది, ఎక్కడ తేలిపోయింది, అన్నీ రాయండి. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి. నెమ్మదిగా ఉందనిపిస్తే, ఆ నెమ్మదితనం ఏం సాధించాలనుకుందో, ఎందుకు సాధించలేదో చెప్పండి. ముగింపు గురించి మాట్లాడకుండా విమర్శ సాధ్యం కాదనుకుంటే, ఆ భాగాన్ని చివర్లో విడిగా వేసి, పైన ఒక హెచ్చరిక పెట్టండి. శీర్షిక పెట్టేవారికీ ఈ మాట చెప్పాలి, ఒక్కోసారి గుట్టంతా అక్కడే పోతోంది. పుస్తకం అట్ట వెనక సగం కథ అచ్చేసే ప్రచురణకర్తల గురించి ఇంకో ఉత్తరం రాయాలి.

ఆ సమీక్ష మీ ఈ-పేపర్‌లో ఇంకా అలాగే ఉంది. మూడో పేరాకు ముందు ఒక్క వాక్యం చేర్చండి: 'ఇక్కడి నుంచి కథ గుట్టు ఉంది, నవల చదవాలనుకునేవారు ఆగిపోండి.' దయచేసి ఈ ఆదివారం లోపు చేర్చండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు