షెల్ స్క్రిప్టులో ఇఫ్: పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

సంపాదకులకు నమస్కారములు.

మీ పత్రిక విద్యా పేజీలో లైనక్స్ పాఠాలు తెలుగులో వెలువడుతున్నందుకు సంతోషం. అయితే షరతుల గురించిన ఇటీవలి పాఠం, మనం కొట్టే కమాండ్లను చదివి నడిపే షెల్‌లోని ఇఫ్‌ను సీ భాషలోని ఇఫ్‌తో సమానంగా చూపి, గుర్తులు మాత్రమే వేరని చెప్పింది. విద్యార్థుల పొరపాట్లలో చాలా భాగం ఈ అభిప్రాయం నుంచే పుడతాయి కనుక కొంత వివరంగా రాయవలసి వస్తోంది.

సీ భాషలో ఇఫ్ ఒక విలువను చూస్తుంది. అది సున్నా అయితే అబద్ధం, మరేదైనా నిజం. షెల్‌లో ఇఫ్ ఒక కమాండ్‌ను నడిపి, అది ముగిసేటప్పుడు ఇచ్చిన అంకెను, అంటే ఎగ్జిట్ స్టేటస్‌ను చూస్తుంది. ఇక్కడ సున్నా వస్తే పని నెరవేరినట్టు, 1 నుంచి 255 వరకు ఏది వచ్చినా నెరవేరనట్టు. ఇఫ్ పక్కన, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌ను నేరుగా రాయగలగడానికి కారణం ఇదే. మీ పాఠంలో షరతుకు కుండలీకరణంగా చూపిన చదరపు బ్రాకెట్ కూడా నిజానికి టెస్ట్ అనే కమాండ్‌కు మరో పేరు. కమాండ్ పేరుకూ దాని వెనక వచ్చే మాటకూ మధ్య ఖాళీ ఉండి తీరాలి. మీ పేజీలో ఆ ఖాళీలు పోయాయి, నిటారుగా ఉండవలసిన కొటేషన్ గుర్తులు వంపు తిరిగాయి. వ్యాసానికి అందమిచ్చే ఆ వంపు గుర్తులను షెల్ కొటేషన్లుగా గుర్తించదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. టెస్ట్ కమాండ్ షరతు నెరవేరితే 0, నెరవేరకపోతే 1, అసలు పోల్చడమే కుదరకపోతే 1 కంటే పెద్ద అంకె ఇస్తుంది. ఇఫ్ మాత్రం ఈ చివరి రెండింటినీ ఒకే గాటన కట్టి, షరతు నెరవేరనప్పటి పనులుండే ఎల్స్ వైపు పంపుతుంది. సంఖ్య అడిగినచోట ఎవరైనా అక్షరాలు కొట్టినా, ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కినా, తెరపై ఒక హెచ్చరిక కనిపించి స్క్రిప్టు ఎల్స్ కింది పనులు చేసుకుంటూ పోతుంది. పెట్టిన వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ రాత్రిపూట నడిపే స్క్రిప్టులో ఆ హెచ్చరికను చూసే మనిషి కూడా ఉండడు. షెల్ మారినా ఇదే చిక్కు. బాష్ అనే షెల్‌లో షరతుకు వాడే జంట చదరపు బ్రాకెట్ డాష్ అనే మరో షెల్‌కు తెలియదు. ఉబుంటులో 2006 నాటి 6.10 వెర్షన్ నుంచి, షెల్‌ను పిలిచే మామూలు పేరైన ఎస్‌హెచ్ అంటే డాష్ కనుక, బాష్ కోసం రాసిన షరతును అక్కడ ఎస్‌హెచ్‌తో నడిపితే కమాండ్ దొరకలేదన్న 127 స్టేటస్‌తో మళ్లీ ఎల్స్‌లోకే వెళ్తుంది.

మీరు ఉదాహరణగా ఇచ్చిన 'మూడు సంఖ్యల్లో పెద్దది' మన కళాశాలల ల్యాబ్ రికార్డుల్లో తరచూ కనిపించే అభ్యాసమే. అందులో 'కంటే పెద్దది' అనే అర్థమున్న మైనస్ జీటీ (-gt) వాడి, చివరి సంఖ్యను ఎల్స్‌కు వదిలేశారు. 7, 7, 3 ఇచ్చి చూడండి: మొదటి 7 రెండో దానికంటే పెద్దది కాదు, రెండోది మొదటిదానికంటే పెద్దది కాదు, కాబట్టి పెద్ద సంఖ్య 3 అని జవాబు వస్తుంది. 'పెద్దది లేదా సమానం' అనే అర్థమున్న మైనస్ జీఈ (-ge) వాడితే ఈ లోపం తీరుతుంది. సీ అలవాటుతో > గుర్తు పెట్టే విద్యార్థి స్థితి మరీ విచిత్రం. ఒంటి బ్రాకెట్ లోపల షెల్ దాన్ని, ఫలితాన్ని ఫైలులోకి మళ్లించే రీడైరెక్షన్‌గా తీసుకుంటుంది కనుక షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది, డైరెక్టరీలో పోల్చిన సంఖ్య పేరుతో, ఉదాహరణకు 7 అని, ఒక ఖాళీ ఫైలు మిగులుతుంది.

ఖాళీ వేరియబుల్ సంగతిని మీ పాఠం ఒక్క మాటలో దాటేసింది. వేరియబుల్ ఖాళీగా లేదని నిర్ధారించుకోవడానికి మైనస్ ఎన్ వాడి, పక్కన వేరియబుల్‌ను కొటేషన్లు లేకుండా రాస్తే, అది ఖాళీగా ఉన్నప్పుడు బ్రాకెట్‌లో మైనస్ ఎన్ ఒక్కటే మిగులుతుంది; టెస్ట్ దాన్ని మామూలు మాటగా తీసుకుని 'నిజం' అంటుంది. అంటే కాపలా పెట్టినట్టే ఉంటుంది, కాపలా ఉండదు. ఆ పరీక్ష అసలే లేకపోతే ఏమవుతుందో 2015 జనవరిలో బయటపడింది. లైనక్స్ కోసం వాల్వ్ సంస్థ ఇచ్చిన, స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామ్ స్క్రిప్టులో డైరెక్టరీ పేరు ఉండవలసిన వేరియబుల్ ఖాళీ అయి, ఫైళ్లను తుడిచే ఆర్‌ఎమ్ కమాండ్ అన్ని డైరెక్టరీలకూ పైనున్న రూట్ నుంచి తుడవడం మొదలుపెట్టడంతో వినియోగదారుల సొంత ఫైళ్లు పోయాయి. ఆ వరుసకు పైన, ఇది భయపెట్టేదంటూ రాసినవారే ఒక కామెంట్ పెట్టుకున్నారు. భయానికి బదులు ఒక షరతు రాసి ఉంటే సరిపోయేది.

'మూడు సంఖ్యల్లో పెద్దది' ఉదాహరణను ఖాళీలతో, నిటారు కొటేషన్లతో, మైనస్ జీఈతో సవరించి మళ్లీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వచ్చే పాఠాన్ని ఇఫ్‌తో కాకుండా, ఏదైనా కమాండ్ నడిపాక డాలర్, ప్రశ్నార్థకం గుర్తులు కలిపి ($?) ఎకో కమాండ్‌తో తెరపై చూడమనడంతో మొదలుపెడితే, విద్యార్థి ఎగ్జిట్ స్టేటస్‌ను ముందు తన కళ్లతో చూస్తాడు.

భవదీయుడు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
వరంగల్